మీ బండి వెనక బ్రేకు

ఏమండీ,

మీరు కామెర్లతో పోయి ఇవాళ్టికి ఏడాది. భోజనాలు చేసి చుట్టాలు వెళ్ళిపోయాక మీ బండి వెనక చక్రం ఊడదీశాను.

గురజాల చుట్టుపక్కల ఊళ్ళకి నర్సుగా తిరగాలి గదా, ఇప్పుడు నేనే నడుపుతున్నా. నిన్న దిగుడులో గొర్రెల మంద అడ్డమొస్తే బ్రేకు పడలేదు. పక్కనున్న మిరపచేలోకి దింపేశా. షెడ్డుకి తీసుకెళ్తే, ఆడమనిషి బండి తెచ్చిందని మెకానిక్ మొదట నవ్వుతాడు, తర్వాత చూస్తాడు. అందుకే ఇంట్లోనే మొదలుపెట్టా.

బ్రేకు షూలు చానా అరిగిపోయినయ్. డ్రమ్ములో పేరుకున్న నల్లపొడి తుడిచి కొత్తవి బిగిస్తుంటే, స్ప్రింగు ఎగిరి మీ అమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"ఏందే, ఇవాళ కూడా ఈ మసి పనేనా?" అంటూనే తెచ్చిచ్చింది. నేను స్ప్రింగు తగిలించేదాకా షూలు కదలకుండా పట్టుకుంది.

చక్రం మళ్ళీ ఎక్కించి, గొలుసుకి ఆయిలు పోసి, బ్రేకు రాడ్డు నట్టు బిగించి, వీధి చివరిదాకా పోయొచ్చా. తొక్కినచోటే ఆగింది.

మీ అమ్మ చేతులు కడుక్కొచ్చి వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుంది.

"యాడికత్తమ్మా?"

"యాడికీ లేదు. వాడు తిప్పుతానంటే ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఊళ్ళో ఒక చుట్టు తిప్పవే."

వీధిలైట్లు వెలిగేదాకా తిప్పాను.