సుజాత పేరు రిజిస్టరులోకి ఎక్కింది

మంగళవారం, కార్ల్స్‌రూహె, జర్మనీ

గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ల రిజిస్టరులో మా సుజాత పేరు ఎక్కింది. పొద్దున ఉత్తరం వచ్చింది. రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్ల. ఇక సొంత సంతకంతో పని చేసుకోవచ్చు.

మధ్యాహ్నమే పక్కింటి జర్మన్ పెద్దావిడ ఇంట్లో, ఇల్లు వేడిచేసే గ్యాస్ బాయిలర్ దగ్గర మొదటి పని. సుజాత నన్నూ తీసుకెళ్లింది. పైపు జాయింటుకు సబ్బు నురగ పూస్తే ఒక బుడగ లేచింది, అంటే గ్యాస్ లీకవుతోంది. ఊళ్లో ముప్పై ఏళ్లు స్టవ్‌లు బాగుచేసిన చెయ్యి నాది. తెలియకుండానే స్పానర్ అందుకున్నాను.

"బాపూ, చెయ్యి తియ్యి! రిజిస్టర్ల నీ పేరున్నదా?"

"లేదు బిడ్డా."

"మరి? నువ్వు ముడితే నా పేరు కొట్టేస్తరు. గా కుర్చీల కూసో."

కూర్చున్నాను. నేను స్పానర్ పట్టడం ఆ పెద్దావిడ చూసింది. ఎవరికైనా చెబుతుందేమో... చెప్పదులే, నవ్వుతూ కాఫీ ఇచ్చింది.

సుజాత బిగించి మళ్లీ నురగ పూసింది. ఊపిరి బిగబట్టి చూశాను. బుడగ రాలేదు.

పని అయిందన్న కాగితం మీద సంతకం పెట్టబోతే సుజాత పెన్ను రాయలేదు. భయపడుతూనే నా జేబులోది తీసి చూపించాను.

"ఇయ్యి బాపూ, దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లే" అంది.