పార్క్ బోర్డులు, నా పర్మిట్

మార్చి 9
వర్క్ పర్మిట్ ఇవాళ్టితో అయిపోయింది. రెన్యూవల్ ఇంకా పెండింగే. ల్యాప్‌టాప్ తిరిగిచ్చేశాను. సిటీ పార్కుల సైన్‌బోర్డుల పని సగంలో ఉంది. ఎక్కడ ఏ బోర్డు, ఏ బాణం ఎటు, అన్నీ నేను గీసినవే. కొత్త పర్మిట్ కార్డ్ రాగానే మళ్ళీ తీసుకుంటామని మా బాస్ లిండా మాటిచ్చింది.

మార్చి 10
ఇల్లు తుడిచాను. మళ్ళీ తుడిచాను.

మార్చి 27
మా ఆయన మనోహర్ ఆఫీస్‌కి వెళ్తూ రోజూ స్టేటస్ చెక్ చేయమంటాడు. తన వీసా మీదే నేనిక్కడ ఉన్నానని నోటితో అనడు, నాకే వినిపిస్తుంది. మేముండే ట్రాయ్‌లో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. ఉన్న ఒక్క కారూ తనే తీసుకెళ్తాడు. నడిచి వెళ్ళగలిగింది ఇంటి వెనక పార్కొక్కటే.

ఏప్రిల్ 14
పార్కులో నా బోర్డులు పెట్టేశారు! పరిగెత్తినట్టే వెళ్ళాను. చూస్తే ఒళ్ళు మండిపోయింది. నేను గీసిన మ్యాపుల్లో, బోర్డు ముందు నిలబడ్డవాళ్ళకి ఎదురుగా ఏది ఉంటే అదే పైన ఉంటుంది. నా తర్వాత వచ్చినవాడెవడో అన్నిట్లోనూ ఉత్తరం పైకి తిప్పేశాడు. స్కూల్ అట్లాస్ అనుకున్నాడు కాబోలు! వంతెన దగ్గరి బోర్డుని దక్షిణం వైపు తిరిగి చదవాలి. అక్కడ కుడి పక్కనున్న పార్కింగ్, మ్యాపులో ఎడమ పక్కన ఉంది. నా కళ్ళ ముందే ఒకావిడ పాపాయి స్ట్రోలర్ తోసుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోబోయింది. పిలిచి చెప్పాను.

ఫోటో తీసి లిండాకి పంపాను.

ఏప్రిల్ 15
లిండా ఫోన్ చేసింది. థాంక్స్ అంటూనే, ఇలాంటివి ఇక పంపొద్దంది. పర్మిట్ లేనప్పుడు జీతం తీసుకోకపోయినా పని పనేనని కంపెనీ లాయర్ అన్నాడట. మరి బోర్డుల సంగతేంటంటే, కార్డ్ వచ్చాక నువ్వే సరిచేద్దువుగాని అంది.

ఏప్రిల్ 22
రోజూ వంతెన దగ్గరే ఉంటున్నాను. పేరుకి వాకింగ్. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ దారి చెప్తున్నాను. ఈమధ్య నాకు సంతోషంగా ఉంటున్నది అక్కడే.

ఏప్రిల్ 23
మనోహర్‌కి చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. ఎవరైనా వీడియో తీసి పెడితే, ఆ బోర్డులు నీ కంపెనీవేనని తెలిస్తే, ఇద్దరం పెట్టెలు సర్దుకోవాల్సిందేనన్నాడు. దారి చెప్తే ఎవడు పట్టుకుంటాడు, పిచ్చి భయం కాకపోతే అన్నాను. భయమే, ఏం చేయమంటావన్నాడు. కోపం వచ్చింది, జాలీ వేసింది. పడుకునేసరికి ఆ భయం నాకూ అంటుకుంది.

మే 5
వంతెన దగ్గర నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, ఒక పెద్దాయన విని ఆగారు. బోర్డు వంకా నా వంకా చూసి, తెలుగులోనే అడిగారు, పార్కింగ్ ఎటమ్మా అని.

తెలియదండీ అన్నాను.