వ్యాసానికి పసుపు

నరసరావుపేట

చి.ల.సౌ. యశోదకు, ఇక్కడ అందరం క్షేమం.

ఫోనుండగా కార్డెందుకని మానేద్దామనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాలేజీ వ్యాసాల పోటీలోంచి మన మనవరాలు దీపశ్రీ పేరు తీసేశారని నువ్వు విన్నది సగమే నిజం. "సైన్సు, మూఢనమ్మకాలు" అనే వ్యాసం దానికి నేనే రాసిపెట్టాను. నా చదువు అయిదో తరగతి, మిగతాదంతా కొట్లో పొట్లాల కాగితాల మీద చదివిందే. అయినా నాలుగు పేజీలూ నిప్పులు కురిపించాను. తర్వాత అలవాటు కొద్దీ, కొత్త పుస్తకానికి పెట్టినట్టు, మూలమూలకూ పసుపు పెట్టి పంపాను. ఆ పసుపు చూసి, రాసింది పిల్ల కాదు నేనని పట్టేసి, తెలుగు మేడం నన్ను పిలిపించింది.

"ఏందండీ పెద్దాయనా, మూఢనమ్మకాలు వదలమని రాసి ఈ పసుపేంది?"

"శుభమా అని పోటీకి పోతుంటే ఉత్త కాగితం ఎట్టా పంపమంటావమ్మా?" అన్నాను.

ఆమె నవ్వాపుకుని, పిల్ల అక్కడే కూర్చుని సొంతంగా రాస్తేనే పేరు ఉంచుతానంది.

"పరువు తీశావు గదా తాతయ్యా!" అని నా మీద విసుక్కుని, దీపశ్రీ అక్కడే కూర్చుని గంటసేపు రాసింది. మూఢనమ్మకానికి ఉదాహరణగా నన్నే పెట్టింది. మొదటి బహుమతి వచ్చింది.

నా రెండో కళ్ళజోడు ఎక్కడ దాచావు? డ్యాము పక్కనే ఉన్నారు గదా, అల్లుడి క్వార్టర్సుకు నీళ్ళు రోజూ వస్తున్నాయా? చిన్నమ్మాయికీ, పిల్లలకూ నా ఆశీస్సులు.

సుబ్బరామయ్య

బహుమతి కాగితం నిన్న ఇచ్చారు. దీపశ్రీ ఇంటికి తెచ్చి, నాలుగు మూలలా పసుపు పెట్టింది.