హిస్టిడిన్ మూసిన తలుపు

తమ్ముడూ,

నీకు నా దీవెనలు. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నా గొంతు విని అమ్మ పసిగట్టేస్తుంది, అందుకే కాగితం పట్టుకున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం.

“పరుగు పందేనికి అమ్మని ఒప్పించావా? నీ అణువుల బొమ్మలాట ఎందాకా వచ్చింది?” అని అడిగావు. రెండింటికీ జవాబు ఒకటే, కాస్త ఓపిక పట్టు.

గుండె కణం గోడలో ప్రోటీన్ తలుపులుంటాయి. అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటేనే గుండె సరిగా కొట్టుకుంటుంది. నేను కంప్యూటర్లో ఆడిస్తున్న తలుపులో, ప్రోటీన్‌ని కట్టే ముక్కల్లో వేరేది ఉండాల్సిన చోట హిస్టిడిన్ అనే ముక్క వచ్చి కూర్చుంది. అదో నిలకడలేని ఘటం. చుట్టూ ఆమ్లం కాస్త పెరిగితే ఒక ప్రోటాన్‌ని లాక్కుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. మేం మాత్రం మొదట్లోనే ‘దీనికి అదనపు ప్రోటాన్ లేదు’ అని ఖాయం చేసేసి నడిపిస్తాం. నేనూ అదే చేశాను. తలుపు బుద్ధిగా ఆడింది. ఆ ధైర్యంతోనే నీకు “పరుగెత్తరా, అమ్మ సంగతి నేను చూసుకుంటా” అని రాశాను.

పోయిన వారం పద్ధతి మార్చాను. పరుగెత్తే మనిషి ఒంట్లో పెరిగేంత ఆమ్లం పెట్టి, ప్రోటాన్ సంగతి హిస్టిడిన్‌కే వదిలేశాను. అది పట్టుకుంది. తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు. చుట్టూ నీటి అణువులు మాత్రం ఏమీ ఎరగనట్టు కదులుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు మొదటినుంచి నడిపినా అంతే. భయమేసిందిరా.

ల్యాబులో పక్క సీటు ఆవిడ తెరలోకి తొంగి చూసి, “ఎవరిదోగానీ పాపం, బస్సు కోసం పరుగెత్తకూడదమ్మా!” అని నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న బస్సు వెంట పరుగెత్తి, కమ్మీ పట్టుకుని, అలాగే కూలిపోయాడని ఆవిడకి తెలియదు.

ఇంకో సంగతి ఆవిడకీ తెలియదు, నీకూ తెలియదు. ఆ తలుపు ఎవరో పరాయివాళ్లదని నీకు చెప్పాను. కాదు. మొన్న వచ్చినప్పుడు నీ బుగ్గ లోపల దూదితో తుడిచి నమూనా తీసుకున్నానే, అందులోని జన్యువు చూసి కట్టిన తలుపు అది. నాదీ చూశాను. నాలో ఆ మార్పు లేదు. నీలో ఉంది. తలుపు బాగానే ఆడుతోంది కదా, నిన్ను బెదరగొట్టడమెందుకని నోరు మూసుకున్నాను.

కంప్యూటర్ మాటే ఆఖరి మాట కాదు. గుండె డాక్టరు చూడాలి, వెంటనే చూడాలి. పందెం మాట మరిచిపో. అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు, నువ్వొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం.

ఇది చదివితే నీకు ఒళ్లు మండుతుంది, తెలుసు. వచ్చి నా జుట్టు పట్టుకుని అడుగు, పడతాను. కానీ ఆ కోపంలో పరుగున బయల్దేరకు. నడిచి రారా.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
అక్క