చేనికి ఏ తుపాకి

ఫిబ్రవరి 4

ఓబులేసుకు కుట్లు తీసినారు. తొడ మీద జానెడు గీత. డాక్టరు నడవమన్నాడు, నడిచినాడు — ఎడమ కాలు ఈడుస్తాండాడు. పదేండ్లుగా మా చేను చూసే మనిషి. "పంది కోర కదమ్మా, కొడవలి కన్నా వాడి" అని ఆయనే నాకు సర్దిచెప్తాడు. బస్సు వేంపల్లె చేరేదాకా కిటికీలోంచి బయటికే చూసినా.

ఫిబ్రవరి 5

రాయాల. ఎవరికీ చెప్పకపోయినా ఈడన్నా రాయాల.

పందులను కాల్చేదానికి ఫారెస్టోళ్ళ పర్మిషన్ నా పేరునే. తుపాకి కూడా నా పేరునే — మా ఆయన పోయినాక లైసెన్సు నాకు మార్చినారు. ఆ పొద్దున ఐదు పందులు, వేసిన శెనక్కాయ విత్తనం తవ్వి తింటాండాయి. పన్నెండు బోరు డబల్ బ్యారెల్, లోపల పెద్ద గుండ్లుండే ఎల్జీ తూటా. నన్ను చూసి తిరుక్కున్యాయి. పెద్దది ఉరుకుతాంటే కాల్చినా. తగిలింది, పడలేదు. కంపలోకి దూరింది.

"నెత్తురు ఉండాదమ్మా, చూసొస్తా" అన్నాడు ఓబులేసు.

గంటసేపు ఆగాల. దెబ్బ తిన్న పంది ఎనక పోగూడదని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినాడో. తెలిసీ "పో" అన్నా.

ఊర్లో అందరూ పందే తనంతట తాను మీదికొచ్చిందనుకుంటాండారు. ఓబులేసు అట్లే చెప్పినాడు.

ఫిబ్రవరి 19

పందులు మళ్ళ పడినాయి. తూర్పు మడిలో నాలుగు సాళ్ళు లేవు.

మార్చి 2

మరిది శివా వచ్చినాడు. "ఆ పాతదాంతో అయ్యేది కాదు వదినా. రైఫిల్ తీస్కో. థర్టీ నాట్ సిక్స్. ఏనుగైనా పడతాది."

మన చేన్లోకి ఏనుగులు యాడొచ్చినాయి శివా, అన్నా. నవ్వినాడు. కాఫీ తాగి, లేస్తా లేస్తా — "ఇంట్లో రైఫిలుంటే ఆ లెక్కే వేరు. ఎలక్షన్లు కూడా వస్తాండాయి గదా."

అదీ సంగతి. ఈ ఊర్లో రైఫిల్ తెస్తే పందుల కోసమని ఎవరు నమ్ముతారు...

మార్చి 11

కడప. తుపాకుల అంగడి. మా ఆయన తుపాకి రిపేరు చేసే ఖాదర్ సాబే ఉండాడు ఇంకా. శానా ముసిలోడయినాడు. చేతులు మాత్రం వణకవు. మూడు రైఫిళ్ళు తీసి బల్ల మీద పెట్టినాడు.

పాయింట్ టూ టూ. కాలేజీలో ఎన్‌సీసీలో నేను పట్టింది ఇదే. చేతికి చనువుగా ఉండాది. "గురి నేర్చుకునేదానికమ్మా ఇది. పందికి చీమ కుట్టినట్ల." పక్కన పెట్టినా.

థర్టీ నాట్ సిక్స్. బాగుండాది, చూస్తానే ఉండాలనిపిస్తాది. "దొరల తుపాకి. తూటాలు దొరకవు. దొరికిన దినం మీకు పని ఉండదు."

త్రీ ఫిఫ్టీన్. మోటు. బోల్టు బలంగా లాగాల. "మన దేశం సరుకు. తూటా ఎప్పుడైనా దొరుకుతాది. మెత్త మొనది వేసినారంటే పందికి చాలు."

అంతా విని ఓబులేసు సంగతి చెప్పేసినా. ఎందుకు చెప్పినానో తెలీదు.

"యాడ తగిలిందమ్మా?"

"ఎనక, తుంటికి."

"ఉరుకుతాండిందా?"

"ఊ."

అద్దాలు తీసి తుడుచుకున్యాడు. "ఉరికే పందిని ఎనకనుంచి కొడితే ఫిరంగి తెచ్చినా అంతే. అడ్డం తిరిగి నిలబడాల. అప్పుడు జబ్బ ఎనక కొట్టాల. లేదంటే ఇడిచిపెట్టాల. తుపాకిది తప్పు కాదమ్మా."

చాయ్ తెప్పించినాడు. తాగినా. చెప్తే తేలికవుతాదనుకున్యా.

మార్చి 12

అట్లయితే పాతదే చాలు గదా? చాలదు. ఎల్జీ గుండ్లు కొంచెం దూరానికే చెదిరిపోతాయి. పందులిప్పుడు అంత దగ్గరికి రానీవు. గాయమై పారిపోతాయి, మళ్ళ అదే కత.

కానీ రైఫిల్ తూటా — తప్పితే యాడికి పోతాది? చేనికి అవతల దిన్నె మీద గొర్రెలోళ్ళు. దిన్నె దాటితే తుమ్మలపల్లె మైనుకు పొయ్యే డ్యూటీ బండ్లు. దేనికీ మనసొప్పదు.

మార్చి 30

ఓబులేసుతో చేను చుట్టినా. కట్టె పట్టుకోని నడుస్తాండాడు. నా భయం చెప్పినా, తూటా దూరం పోతాదని.

నిలబడి చుట్టూ చూసినాడు. "దిన్నె పక్కకు కాల్చేదేందికి? కొండ పక్కకు మొగం పెట్టి మంచె కట్టుకుందాం. పైనుంచి కిందికి కాలిస్తే, తప్పినా మన్నులోకే గదా పొయ్యేది."

ఇన్ని దినాలుగా నాకు తట్టలేదు.

"నామీద కోపం లేదా ఓబులేసూ?"

"ఏందికమ్మా" అన్నాడు. మంచెకు గుంతలు యాడ తవ్వాల్నో కట్టెతో గీసుకుంటా పోయినాడు.

ఏప్రిల్ 6

త్రీ ఫిఫ్టీన్. లైసెన్సులో ఎక్కించమని అర్జీ ఇచ్చొచ్చినా.

జూన్ 14

ఎంక్వైరీకి ఎస్సై వచ్చినాడు. "మేడం, ఊర్లో ఎవరితోనన్నా తగాదా ఉండాదా?"

"పందులతో."

నవ్వలేదు. రాసుకున్యాడు.

జులై 20

వాన. విత్తనం పడింది.

ఆగస్టు 27

లైసెన్సులో రైఫిల్ ఎక్కింది. తెచ్చుకున్యా. సాయంత్రానికే శివా ఫోను. "వదినా, ఆదివారం మీటింగుండాది. ఒక పూట బండ్లో పెట్టుకోని పోయొస్తా."

"బీరువా తాళం నాదగ్గరే ఉంటాది శివా. ఎవరికీ ఇయ్యను."

"మా అన్న ఉంటే ఇచ్చేవాడు."

ఇచ్చేవాడే. ఆ మాట నిజం.

సెప్టెంబర్ 9

ఖాదర్ సాబ్ దగ్గరుండి రేంజిలో కాల్పించినాడు. ఐదు తూటాలు. భుజం కమిలిపోయింది. ఐదోది గురి అట్ట మీద నడిమి గీతలో పడింది. సంతోషంగా ఆయన పక్క తిరిగితే — "ముందు నాలుగూ యాడికి పోయినాయో చూసిరాండి అమ్మా" అన్నాడు. పోయి చూసినా.

సెప్టెంబర్ 18

ఈ పంటకు పర్మిషన్ కాగితం వచ్చింది. చచ్చిన పందిని ఫారెస్టోళ్ళ ముందరే పూడ్చాల, కూర ఎవరూ ముట్టగూడదు. గార్డు రెండుసార్లు చెప్పినాడు. మంచె అయిపోయింది. కాయ ఊరతాంది.

మధ్యాన్నం ఓబులేసు పెండ్లాం లక్ష్మీదేవి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆయన చెప్పకపోయినా నాకు తెలుసక్కా. నువ్వు పొమ్మంటేనే పోయింటాడు. నిన్నేమీ అనను. ఈసారి మాత్రం పిలవొద్దు."

పిలవనని మాటిచ్చినా. తలకాయ ఊపి పోయింది.

సెప్టెంబర్ 20

తెల్లారతాంది. రైఫిల్ తీసి బోల్టు చూసుకుంటాంటే గేటు దగ్గర దగ్గు.

ఓబులేసు. భుజాన టవలు, చేతిలో నీళ్ళ సీసా. కట్టె తేలేదు.

"నువ్వు మంచె మీదుంటే అవి ఏ పక్కనుంచి దిగుతాండాయో ఎవరు చెప్తారమ్మా?"

లక్ష్మీదేవికి చెప్పొచ్చినావా అని అడిగినా. చెప్పుల పక్క చూసుకుంటా నిలబడినాడు.

తూటాలు తెస్తానని లోపలికొచ్చి ఇది రాస్తాండా. బయట ఆయన నడిచే చప్పుడు ఇనపడతాంది — ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తా.

నేను పిలవలేదు.

తిరిగి పొమ్మని కూడా అనలేదు, ఇంకా.