ఫెన్నర్ వీధి

చెల్లాయి సిగ్రిడ్‌కు అక్క థోరా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ల నొప్పీ, పిల్లీ అందరం కులాసా. మాంటానాలో మీకు చలి తగ్గిందనీ, బడిపిల్లలకు సైన్సు చెప్పి చెప్పి పట్టుకున్న మీ ఆయన నిల్స్ దగ్గు కుదుటపడిందనీ తలుస్తాను.

పోయిన ప్రొఫెసర్ ఫెన్నర్ పేరు వీధికి పెట్టారా అని అడిగావు. పెట్టారు, మొన్న శనివారం. యూనివర్సిటీ గేటుకెదురుగా బేకరీ ఉన్న వీధికి. బేకరీవాడు అణువు బొమ్మ వేసి బన్నులు అమ్మాడు, జనం ఎగబడి తిన్నారు. మేయరు ఫెన్నర్ చేసిన అణుబాంబు సంగతి గొప్పగా చెప్పాడు. అది పడ్డ ఊళ్ల పేర్లు మాత్రం నోట రాలేదు. పదమూడేళ్ల క్రితం ఫెన్నర్ ఎదురొస్తే ఈ మేయరే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. బాంబు చేసినందుకు ఆయన్ని మన ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి భోజనానికి ఎవరెవరిని పిలిచాడు, వాళ్లలో కమ్యూనిస్టులెవరన్నదే నేరమైంది. ఆయనా తక్కువవాడేం కాదులే. ఊళ్లు కాలాక బాధపడ్డాడు, కాలకముందు పడలేదు.

డీన్ ప్రెస్కాట్‌ను చూడవలసింది. ఫెన్నర్‌ను యూనివర్సిటీ నుంచి సాగనంపిన కాగితం మీద సంతకం ఇతనిదే. ఇప్పుడు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని నా దగ్గరికొచ్చి, "అన్నేళ్లు ఆయన టైపిస్టువి. నాలుగు మంచి మాటలు చెప్పమ్మా థోరా. క్లుప్తంగా," అన్నాడు.

నిల్స్ పేరు ఎవరు చెప్పారో తెలిసిందా అని నువ్వు మళ్లీ అడిగావు. ప్రతిసారీ తెలియదనే రాశాను. నేనే చెప్పాను, సిగ్రిడ్. అప్పట్లో ప్రభుత్వం మనుషులిద్దరు వచ్చి నన్ను డీన్ గదిలో కూర్చోబెట్టారు. ఫెన్నర్ ఇంటికి భోజనానికి వెళ్లేవాళ్లెవరని అడిగారు. ఆ పిలుపులన్నీ టైపు చేసింది నేనేగా. తొమ్మిది పేర్లు చెప్పి ఆగాను. డీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ చెల్లెలి భర్త కూడా వెళ్తుండేవాడు కదా," అన్నాడు.

కాదంటే సరిపోయేది. అవునన్నాను. నా కుర్చీ నాకు మిగిలింది. కొండ మీది ప్రయోగశాలలో నిల్స్ ఉద్యోగం వారం తిరక్కుండా ఊడింది. ఆ చలికాలం నీకు పంపిన ఉన్నికోటు ఆ కుర్చీ జీతంతో కొన్నదే.

శనివారం మైకు ముందు ఇదంతా చెప్పాను, డీన్ పేరుతో సహా. అయిపోగానే డీనే ముందుగా చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. బ్యాండు మోగింది. మర్నాడు పేపర్లో, పాత టైపిస్టు ప్రొఫెసరుగారిని ఆప్యాయంగా తలుచుకుందని వేశారు.

ఇన్నాళ్లూ వీళ్లను చీదరించుకుంటూ, నేను వేరే అనుకుంటూ బతికాను. వీళ్ల ముందు ఒప్పుకోవడం సులువే, వీళ్లకు పట్టదు కనుక. నీకు రాయడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఈ ఉత్తరం నిల్స్‌కు చదివి వినిపించు. తను వద్దంటే జవాబు రాయకు. ఎందుకు రాయలేదని నేను అడగను.

ఇట్లు,
నిల్స్ పేరు చెప్పిన నీ అక్క,
థోరా