నశ్యం అంటని బిల్లు

అన్నా,

నువ్వు మంచాన పడ్డప్పుడు ముందుగానే సంతకాలు చేసి పెట్టిన బిల్లు పుస్తకం మొన్నటితో అయిపోయింది. నువ్వు పోయి ఏడాదైనా, మన నూలు అంగడి బిల్లుల మీద ఇన్నాళ్ళూ నీ సంతకమే నడిచింది. ఇక తప్పక నా సంతకంతో రబ్బరు ముద్ర చేయించి, మొదటి బిల్లు మీద చక్కగా కొట్టి, నూలు మూటలతో ఎమ్మిగనూరు పోయాను.

అక్కడ నీ పాత షావుకారు బిల్లు చదవనే లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నశ్యం వాసన రాలేదే! ఇది మీ అంగడి బిల్లేనా అప్పా?"

"అన్న పోయినాడు గదప్పా!"

"సంతకం ఎవురైనా గీకుతారు. ఆ నశ్యం మరక ఎవురేస్తారు? మూటలు ఈడ దింపొద్దు, తీసకపో."

నశ్యం పీల్చిన వేళ్ళతోనే బిల్లు పట్టుకుంటావని ఇరవై ఏళ్ళు నీతో పోట్లాడినవాణ్ణి నేను. నీ పుస్తకంలో ఆఖరి కాగితం దాకా అదే మరక. తిట్టుకుంటూ మూటలతో ఆదోనిలో మన అంగడికి తిరిగొచ్చి, నీ నశ్యం డబ్బా తెరిచి, చిటికెడు తీసి బిల్లు మూలకు రుద్దాను. ఏడు తుమ్ములు తుమ్మాను.

మర్నాడు షావుకారు మళ్ళీ వాసన చూసి, "ఆఁ, ఇది మీ అన్న అంగడి బిల్లే. దింపండి" అన్నాడు.

అదే నశ్యం మన వీధి చివర దొరుకుతుంది. అయినా నీ డబ్బాలోదే వాడుతున్నాను. అడుగు కనిపిస్తోందని, ఈ వారం నుంచి చిన్న బిల్లులకు రబ్బరు ముద్రతోనే సరిపెడుతున్నాను.